పెద్ద మాట కాదు, ఒప్పే మాట

ఎవరైనా పెద్దమనిషి పోతే మర్నాడు పేపర్లో సంతాప ప్రకటనలు చూడండి. పార్టీలు వేరైనా నాయకులందరూ ‘తీవ్ర దిగ్భ్రాంతి’కే లోనవుతారు. పోయినాయనకి తొంభై దాటాయి, ఏడాదిగా మంచం మీదే ఉన్నారు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఇంక దిగ్భ్రాంతి దేనికి? విచారం ఉంటుంది, బెంగ ఉంటుంది, నిండుగా బతికి వెళ్ళారన్న తృప్తి కూడా ఉండొచ్చు. అవేవీ ప్రకటనలోకి రావు. దాన్ని రాసే పీఏకి ఆ మాటలు తెలియక కాదు, వెతికే ఓపిక లేక.

మనమూ ఆ పీఏ బాపతే. సెలవు చీటీ, రాజీనామా ఉత్తరం, రిటైర్మెంటు సభలో నాలుగు ముక్కలు, మాటా మాటా అనుకున్న స్నేహితుడికి పంపే మెసేజీ... ఏదైనా సరే మొదట నోటికొచ్చిన మాటతో సరిపెట్టేస్తాం. కాస్త శ్రద్ధ ఉన్నవాళ్ళు ఇంకో పని చేస్తారు. ఉన్న మాట తీసి బరువైన మాట పెడతారు. ‘సాయం’ని ‘సహాయ సహకారాలు’గానూ, ‘చెప్పారు’ని ‘ఉద్ఘాటించారు’గానూ మార్చి, భాష మెరుగుపడిందనుకుంటారు. పర్యాయపద నిఘంటువుని ఎక్కువమంది వాడేది ఇలాగే. ఆ పుస్తకానికి చెడ్డపేరు వచ్చిందీ ఇందుకే.

దాన్ని వేరేగా వాడొచ్చు. ఒకే అర్థం అనుకున్న పది మాటలు పక్కపక్కన కనపడితే, వాటి మధ్య తేడాలు మనకి కనిపించడం మొదలవుతుంది. ఏ తేడా మన సందర్భానికి కావాలో తేల్చుకుంటే మాట దొరికినట్టే. సాధారణంగా దొరికేది చిన్న మాటే అయి ఉంటుంది.

పర్యాయపదాల పుస్తకం అంటే ఇంగ్లీషువాళ్ళకి గుర్తొచ్చే పేరు పీటర్ మార్క్ రోజెట్. 1779లో పుట్టిన వైద్యుడు. లండన్ రాయల్ సొసైటీకి చాలాకాలం కార్యదర్శి. చిన్నప్పటినుంచీ జాబితాలు రాసుకునే అలవాటు ఉన్న మనిషి. 1852లో థెసారస్ అచ్చయ్యేటప్పటికి ఆయన వయసు డెబ్భై మూడు. రిటైరయ్యాక కూడా ఘనకార్యాలు చెయ్యొచ్చు అని చెప్పడానికి మా వ్యక్తిత్వ వికాసం రచయితలు ఈ వయసుని తెగ వాడేస్తుంటారు. కానీ మొదటి చిత్తుప్రతి 1805 నాటిది, అప్పటికి రోజెట్‌కి ఇరవై ఆరేళ్ళు. రాసుకున్నది తన సొంత అవసరానికి. దాదాపు యాభై ఏళ్ళు అది ఆయన దగ్గరే ఉంది, తన రచనలకి తనే వాడుకున్నాడు. నాకు నచ్చిన భాగం డెబ్భై మూడేళ్ళ వయసు కాదు, అచ్చుకి ఇవ్వకుండా తనే వాడుకున్న ఆ యాభై ఏళ్ళు.

ఆ పుస్తకంలో మాటలు అక్షరక్రమంలో ఉండవు. లోకంలో ఉన్న భావాలన్నిటినీ రోజెట్ ఆరు తరగతులు చేశాడు. స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, అనుభూతులు, వీటన్నిటికీ ముందు అమూర్తమైన సంబంధాలు. వాటి కింద వెయ్యి శీర్షికలు. ఒక్కో శీర్షిక కింద దగ్గర దగ్గర మాటల గుంపు. అర్థాలు ఇవ్వలేదు. మాట తెలిసి అర్థం తెలియనివాడికి మామూలు డిక్షనరీ ఉంది. మనసులో భావం ఉండి మాట నోటికి రానివాడికి ఈ పుస్తకం.

ఇదంతా వింటుంటే మన పాతకాలం పంతుళ్ళకి నవ్వొచ్చేది. వీధిబడి పిల్లలచేత వాళ్ళు వల్లె వేయించిన అమరకోశం సరిగ్గా ఇలాంటిదే. అందులోనూ అకారాది లేదు. మూడు కాండలు. స్వర్గంతో మొదలై ఆకాశం, దిక్కులు, కాలం, బుద్ధి, నాట్యం, పాతాళం, నీళ్ళు. తర్వాత భూమి, పురం, కొండ, మందుమొక్కలు, మృగాలు, మనుషులు. ఆఖరి కాండలో నానార్థవర్గు ఒకటుంది, అక్కడ మాటలు చివరి హల్లుని బట్టి వరసగా ఉంటాయి, పద్యం కట్టేవాడి చేతికి అందేలా. రోజెట్ తన ఉపోద్ఘాతంలో తనకంటే ముందున్నవాళ్ళని తలుచుకుంటూ అమరకోశం రాసిన అమరసింహుడి పేరు కూడా చెప్పాడు. కోల్‌బ్రూక్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది, ఆయన పేర్కొన్నది దాన్నే. తెలుగు మాటలకీ ఇలాంటి పద్యనిఘంటువులు ఉన్నాయి. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’ రాస్తే, అందులో మిగిలిపోయినవాటిని అడిదం సూరకవి ‘ఆంధ్రనామశేషం’లో చేర్చాడు.

చరిత్ర చాలు, పనిలోకి వద్దాం.

పర్యాయపదాల జాబితాలో ఒక లోటు ఉంది. మాటలన్నీ ఇస్తుంది కానీ ఏది ఎవరు ఎక్కడ అంటారో చెప్పదు. చనిపోవడాన్నే తీసుకోండి. పోలీసు రిపోర్టులో మనిషి ‘మృతిచెందుతాడు’. ఇంట్లోవాళ్ళు ‘నాన్నగారు పోయారు’ అంటారు. పల్లెలో పెద్దవాళ్ళయితే ‘కాలం చేశారు’. కవి ‘అస్తమిస్తాడు’. వైష్ణవుల ఇంట ‘పరమపదించారు’, వీరశైవుల ఇంట ‘లింగైక్యం చెందారు’. సైనికుడు ‘అసువులు బాస్తాడు’. కర్మ కార్డు వేయించేటప్పుడు ‘స్వర్గస్థులైనారు’ అని ప్రెస్సువాడే కలిపేస్తాడు. ఇవన్నీ తెలియని కుర్రాడు జాబితాలోంచి ఏదో ఒక మాట తీసుకుని, పక్కింటి తాతగారు అసువులు బాశారని వాట్సాప్ గ్రూపులో పెట్టాడనుకోండి, చదివినవాళ్ళు దుఃఖపడాలో, నవ్వాలో తెలియక నలిగిపోతారు.

అందుకని జాబితాలోంచి మాటని నేరుగా తెచ్చి వాక్యంలో పెట్టకండి. ముందు ఉదాహరణలిచ్చే నిఘంటువులో దాన్ని చూడండి. తర్వాత మీకు తెలిసిన ఒక మనిషి నోట ఆ మాట పెట్టి వినండి. మీ మేనత్త అంటుందా? మీ తహశీల్దారు అంటాడా? ఎవరి నోటా పలకకపోతే ఆ మాటని ప్రస్తుతానికి వదిలేయండి.

వ్యక్తిత్వానికీ నిఘంటువుకీ ఏమిటి సంబంధం అని అడగబోయేవాళ్ళకి నా జవాబు కోపం దగ్గర ఉంది. ఆఫీసు మీటింగులో జూనియర్ల ముందు మీ లెక్క తప్పని మేనేజరు ఎత్తి చూపాడు. సాయంత్రం ఇంటికొచ్చి ‘నాకు కోపం వచ్చింది’ అంటారు. అక్కడితో ఆగితే ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియదు, పిల్లల మీదకో పప్పులో ఉప్పు మీదకో మళ్ళుతుంది. ఒక కాగితం తీసుకుని కోపం చుట్టూ ఉన్న మాటలు రాయండి. అలక, కినుక, విసుగు, చిరాకు, ఉక్రోషం, రోషం, కసి, అక్కసు, ఆగ్రహం.

ఇప్పుడు ఒక్కొక్కటీ కొలిచి చూసుకోండి. మేనేజరు చెప్పింది నిజమే అయితే మీది ఉక్రోషం. తప్పు మనదని తెలిసి, ఏమీ అనలేక లోపల్లోపల ఉడికిపోవడాన్ని అలాగే అంటారు. లెక్క సరిచేసి మర్నాడు పంపితే సగం చల్లారిపోతుంది. తప్పు చెప్పడంతో ఆగక మిమ్మల్ని తీసిపారేసినట్టు మాట్లాడితే అది రోషం, దానికి మర్యాదగా, గట్టిగా ఒక మాట అనాల్సిందే. మిమ్మల్ని అన్న నోటితోనే పక్క సీటు ఆయన్ని మెచ్చుకోవడం గుచ్చుకుందా, అయితే అది అక్కసు. మేనేజరుతో మాట్లాడి ఏం లాభం లేదు. నెలలో నాలుగోసారి ఇలా జరిగితే విసుగు, బహుశా వేరే ఉద్యోగం చూసుకోవాల్సిన విసుగు. అలక మాత్రం కాదని ఖాయంగా చెప్పొచ్చు. బుజ్జగించేవాళ్ళు ఉన్నచోటే అలుగుతారు. మేనేజర్లు బుజ్జగించరు.

భయం, సిగ్గు, అలసట కింద కూడా ఇలాంటి కుటుంబాలే ఉన్నాయి. సిగ్గు, బిడియం, మొహమాటం, జంకు, బెరుకు. స్టేజీ ఎక్కడానికి బెరుకు ఉన్నవాడికి రిహార్సల్ కావాలి. మొహమాటస్థుడికి కావాల్సింది ‘కాదు’ అనడం నేర్చుకోవడం. ఇద్దరినీ ‘కాన్ఫిడెన్స్ తక్కువ’ అని ఒకే శిక్షణ తరగతిలో కూర్చోబెడితే ఫీజులు తప్ప ఫలితం ఉండదు. (ఆ తరగతులు నడిపేవాళ్ళు మన్నించాలి. నేనూ ఆ తానులో ముక్కనే.)

ఇక పుస్తకాల బీరువా. తెలుగులో పర్యాయపదాలకి ఆచార్య జి.ఎన్. రెడ్డి కూర్చిన ‘తెలుగు పర్యాయపద నిఘంటువు’ ఉంది, 1990లో వచ్చింది. అర్థాలకి బహుజనపల్లి సీతారామాచార్యులు ‘శబ్దరత్నాకరం’, 1885 నాటిది. చాలా ఇళ్ళలో తాతల కాలం నుంచి ఉన్న లావుపాటి పుస్తకం ఇదే. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో, అంటే రోజెట్ థెసారస్ వచ్చిన సంవత్సరమే వెలువడింది. బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసినవాడు. జనం నోట విన్న మాటకీ కావ్యాల్లో మాటకీ పక్కపక్కనే చోటిచ్చాడు, అందుకే ఆ పుస్తకం ఇప్పటికీ పనికొస్తోంది. కోర్టులోనూ కచేరీలోనూ తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకి 1854లో వేరే పుస్తకమే వేశాడు. పాత దస్తావేజులు తిరగేసే పని పడినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

అన్నిటికంటే పెద్దది ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’. పిఠాపురం మహారాజా పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పూనుకున్న పని. మొదటి సంపుటం 1936లో వస్తే ఎనిమిదోది 1972లో వచ్చింది. దీన్ని వాడేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పనికి నడుం కట్టిన జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాదులకి నాయకుడు, వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తికి ఎదురు నిలిచినవాడు. ఆ చూపు నిఘంటువులో కనపడుతుంది. మీ అమ్మ రోజూ అనే మాట అందులో లేదంటే ఆ మాట తప్పని కాదు, దాన్ని లోపలికి రానివ్వలేదని. సూర్యరాయాంధ్రలో చేరని మాటల్ని తర్వాత రవ్వా శ్రీహరి ఏరి ‘శ్రీహరి నిఘంటువు’ చేశారు. తెలంగాణ మాటలకి నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ ఉంది. ఆఫీసు, పత్రికల ఇంగ్లీషుకి తెలుగు కావాలంటే బూదరాజు రాధాకృష్ణ ‘ఆధునిక వ్యవహారకోశం’.

పాత నిఘంటువు తెరిచి మాట దొరకలేదని మూసేసేవాళ్ళు చాలామంది. తప్పు పుస్తకానిది కాదు, తలుపు తట్టే తీరు తెలియాలి. ‘పుస్తకం’ అక్కడ ‘పుస్తకము’గా ఉంటుంది. ‘చూశాను’ కోసం ‘చూచు’ దగ్గరికి వెళ్ళాలి. ‘చెరువు’ లేదనిపిస్తే బండి ఱతో ‘చెఱువు’ చూడండి. ఏనుగులో అరసున్న ఉంటుంది, ‘ఏనుఁగు’. మాట పక్కన పొట్టి అక్షరాలు ఉంటాయి. ‘సం.’ అంటే సంస్కృతం, ‘దే.’ దేశ్యం, ‘వై.’ వైకృతం, అంటే సంస్కృత ప్రాకృతాల నుంచి రూపు మారి వచ్చింది. ‘వి.’ నామవాచకం, ‘విణ.’ విశేషణం. ముందు పేజీల్లో ఈ పట్టిక మొత్తం ఉంటుంది. ఓ పావుగంట దాని ముందు కూర్చుంటే ఆ తర్వాత ఆ పుస్తకం మీతో బాగానే మాట్లాడుతుంది.

మాటలంటే పిచ్చి ఉన్నవాళ్ళకి నేను చెప్పే అసలు పుస్తకం వేరే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ వేసిన ‘మాండలిక వృత్తిపదకోశం’. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానిది. పండితుల కావ్యాలు పక్కన పెట్టి, జిల్లా జిల్లాకీ వెళ్ళి రైతులు అనే మాటలు సేకరించారు. ఏ జిల్లాలో ఏది అంటారో కూడా గుర్తు పెట్టారు. కొన్నిచోట్ల నాగలి, రాయలసీమలో మడక, కృష్ణా గుంటూరు వైపు అరక. చేత్తో పట్టుకునేది మేడి, నేలలో దిగే ఇనుము కర్రు, ఎడ్ల మెడ మీద కాడి. విత్తడానికి గొర్రు, కలుపు తీయడానికి దంతె, గుంటక. ఈ వ్యవసాయ పదాల ఆధారంగానే కృష్ణమూర్తి తెలుగుని నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించారు.

ఆ పేజీలు తిప్పితే తెలిసేది ఒకటే, పని చేసేవాడి దగ్గర ఉన్నన్ని కచ్చితమైన మాటలు ఇంకెవరి దగ్గరా ఉండవు. ‘అదను’ వేరు, ‘పదును’ వేరు. మొదటిది కాలం, రెండోది నేలలో తడి. రెండూ కలిసినప్పుడే విత్తనం వేస్తాడు రైతు. ప్రాజెక్టు మొదలుపెట్టే టైమూ వచ్చింది, టీమూ సిద్ధంగా ఉంది అని రెండు వాక్యాల్లో చెప్పేదాన్ని ఆ జంట మాట ఒక్క ఊపులో చెప్పేస్తుంది.

చేనేత సంపుటం 1971లో వచ్చింది. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు. ‘ఆసు’ అనే మాట నేతగాళ్ళ ఇళ్ళు దాటి బయటికి ఎప్పుడొచ్చిందో గుర్తుందా? పోచంపల్లి చీర డిజైనుకి ముందు, గుంజల చుట్టూ నూలుని అటూ ఇటూ వేలసార్లు తిప్పాలి. ఆ పనే ఆసు పోయడం. ఇళ్ళలో ఆడవాళ్ళు చేసి చేసి భుజాలు పోగొట్టుకునేవారు. తల్లి కష్టం చూడలేక చింతకింది మల్లేశం యంత్రం చేసి, ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చాక ఆ మాట ఇంకా చాలామంది చెవిన పడింది. అది ఇలాంటి పదకోశాల్లో వెతకాల్సిన రకం మాట. వాటిని తిరగేసే మనుషులే తక్కువ.

ఫోనులో అన్నీ ఉన్నాయిగా, ఈ బరువులు మోయడం ఎందుకు అంటారు. ఉన్నాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లోంచి ఒకేసారి అర్థాలు వచ్చి పడతాయి. అర్జెంటుగా ఒక మాట తేల్చుకోవాలంటే దాన్ని మించింది లేదు, నేను రోజూ వాడతాను. అయితే ఫోను అడిగిన మాటే ఇస్తుంది. పుస్తకం పక్క మాట కూడా చూపిస్తుంది. ‘కినుక’ కోసం వెళ్ళి పేజీలో పైన ఇంకేదో చూసి ఓ పది నిమిషాలు అక్కడే ఉండిపోవడం కాగితం మీదే జరుగుతుంది. ఉపన్యాసం రాసే రోజున ఫోను, ఆదివారం మధ్యాహ్నం పుస్తకం పెట్టుకోండి.

మీ సొంత పర్యాయపద నిఘంటువు మొదలుపెట్టండి. అక్షరక్రమంలో వద్దు, రెండో వారానికే విసుగొచ్చి మానేస్తారు. అమరసింహుడి పద్ధతిలో విషయాలుగా పెట్టుకోండి. నడకలు ఒక పేజీ, నవ్వులు ఒక పేజీ, వంటింటి పనులు ఇంకో పేజీ. వంటింటితో మొదలుపెడితే తేలిక. ఎందుకంటే యూట్యూబ్ వంటల పుణ్యమా అని ఆ పేజీ మన కళ్ళ ముందే ఖాళీ అయిపోతోంది. ఉల్లిపాయల్ని ‘ఫ్రై చేసుకుని’, టమాటాలు ‘యాడ్ చేసుకుని’, అంతా ‘మిక్స్ చేసుకుని’ పదిహేను నిమిషాలు ‘కుక్ చేసుకుంటారు’. మా ఇంటి పక్క పిన్నిగారు అదే కూర చెబితే ఉల్లిపాయలు దోరగా వేగాలి, టమాటాలు మగ్గాలి, ఉప్పూ కారం పడ్డాక నీరు ఇగరాలి, అడుగంటకుండా చూసుకోవాలి, దింపాక కాస్త మెదపాలి. ఉడకడానికీ మగ్గడానికీ తేడా తెలిసినవాళ్ళకి నీళ్ళు పోయాలా వద్దా అని విడిగా చెప్పక్కర్లేదు. దంచడం, నూరడం, రుబ్బడం, చిదమడం, చిలకడం, వార్చడం... రాసుకుంటూ పోండి, పేజీ చాలదు.

ప్రతి మాట పక్కనా అది విన్న వాక్యం, అన్నదెవరో, ఏ ఊరివాళ్ళో రాయండి. జాబితాలకి లేని సమాచారం అదే కాబట్టి దాన్ని వదలకండి. పెళ్ళిళ్ళూ బస్సు ప్రయాణాలూ దీనికి మంచి చోట్లు. శ్రీకాకుళం వియ్యపురాలూ, నిజామాబాద్ వియ్యపురాలూ ఒకే పందిట్లో మాట్లాడుకుంటుంటే చెవి ఒగ్గి కూర్చోండి.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకి ఒక మాట. పోటీ పరీక్షల పిల్లల చేతుల్లో నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ కనపడుతుంటుంది. 1949 నాటి పుస్తకమైనా చెప్పే తీరు బాగుంటుంది. దాంతో మాటలు పోగవుతాయి, వాడుక రాదు. ప్రతి కొత్త మాటకీ పాత మాట జోడించి, రెండిట్లో ఏది మీ వాక్యానికి ఒప్పుతుందో చూసే పని మీరే చేసుకోవాలి. ఇంటర్వ్యూలో బరువైన మాట తప్పు చోట పడిందంటే అవతలివాళ్ళు ఇంకా మూడు మాటల అర్థాలు అడుగుతారు.

కొనేవాళ్ళకి నా వరస ఇది. ముందు బ్రౌన్ లేదా శబ్దరత్నాకరం, ఏదో ఒకటి. తర్వాత పర్యాయపద నిఘంటువు. మూడోది మీ ప్రాంతపు మాటలది. సూర్యరాయాంధ్ర మొత్తం సంపుటాలు పెట్టడానికి చోటూ, దులపడానికి ఓపికా లేకపోతే లైబ్రరీలో చూసుకోండి. వృత్తిపదకోశం సంపుటాలు కొత్తవి దొరకడం కష్టం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ దుకాణాల్లోనూ, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనూ అడిగి ఉంచండి, అట్ట చిరిగినదైనా తీసుకోండి. బేరం ఆడే ముందు మాత్రం చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడండి. పాత నిఘంటువుల్లో ముందు ఊడిపోయేవి ‘హ’ పేజీలే.